పాత తొవ్వ ఎక్కడుంది?

ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ పోయే పెద్దరోడ్డును చాలాకాలం 7వ నంబరు జాతీయ రహదారి అన్నారు. కాశీలో మొదలై కన్యాకుమారిలో ముగిసే ఆ రోడ్డు పొడవు 2,369 కిలోమీటర్లు. అప్పట్లో దేశంలో అంత పొడవైన రహదారి ఇంకొకటి లేదు. 2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రహదారుల నంబర్లన్నీ తిరగరాసింది. 7 పోయి 44 వచ్చింది. 44వ నంబరు రోడ్డు శ్రీనగర్‌లో బయలుదేరి ఢిల్లీ, ఆగ్రా, ఝాన్సీ మీదుగా దిగి మధ్యప్రదేశ్‌లోని లఖ్‌నాదౌన్ దగ్గర పాత బాటలో కలుస్తుంది. అక్కణ్ణుంచి జబల్‌పూర్, కాశీ వైపు పోయే భాగానికి వేరే నంబర్లు పడ్డాయి. ఇచ్చోడలో గానీ గుడిహత్నూర్‌లో గానీ ఒక్క కంకరరాయి కదల్లేదు. అయినా ఆ ఊళ్ళ ముందునుంచి పోయే రోడ్డు ఇక కాశీరోడ్డు కాకుండా పోయింది.

ఇంచుమించు అదే కాలంలో నిర్మల్ దగ్గర సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. రోడ్డును నాలుగు వరుసలు చేసినప్పుడు దాన్ని ఊళ్ళోకి రానివ్వకుండా బయటినుంచే తిప్పేశారు. నాగపూర్ పోయే లారీ ఇప్పుడు నిర్మల్ బజారు ముఖం చూడదు. నేల మారింది. కానీ బోర్డు మీద రోడ్డు పేరు అదే, మ్యాపులో రోడ్డు అదే, డ్రైవరు నోట్లోనూ అదే.

ఒకచోట నేల కదలకుండానే రోడ్డు మారింది, ఇంకోచోట నేల మారినా రోడ్డు మారలేదు. అలాంటప్పుడు రోడ్డు అని దేన్ని అంటున్నాం? పాత పటాలు ముందేసుకుని హైదరాబాద్–నాగపూర్ తొలి మోటారు రోడ్డు ఎక్కడెక్కడ పోయిందో గీసుకుందామని కూర్చున్న మనిషికి మొదటి గంటలోనే ఎదురయ్యే చిక్కు ఇది. పైకి ఇంజనీర్ల వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, దీన్ని రెండువేల ఏళ్ళ కిందటే ఒక భిక్షువు ఒక రాజును అడిగాడు. ఆయన అడిగింది రథం గురించి.

ఆ రథం దగ్గరికి పోయే ముందు కాగితాలు చూడాలి. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఉత్తర తెలంగాణ 56వ నంబరు కింద వస్తుంది. 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాలు, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న నేలంతా ఆ నంబరులో పడుతుంది. దాన్ని పదహారు గళ్ళుగా చేసి ఒక్కో గడికి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం ఇచ్చారు. నిర్మల్, ఆదిలాబాద్ రెండూ 56-ఐ లో ఉన్నాయి. ఆర్మూర్ దాని కిందనున్న 56-జె లో, కరీంనగర్ 56-ఎన్ లో. గోదావరిని రోడ్డు దాటే చోటు 19వ అక్షాంశం పక్కనే ఉండడంతో రెండు షీట్ల అంచులు కలిపి పట్టుకుంటే తప్ప ఏటి రెండు గట్లూ సరిగ్గా కనిపించవు. కంకర పరిచిన రోడ్డుకు ఎర్రటి జంటగీత. కంకర లేని రోడ్డుకు తెగుతూ పోయే జంటగీత. బండ్లబాటకు ఒంటిగీత, అదీ తెగిందే. కాలిబాటకు చుక్కలు. జంటగీత పక్కన మైలురాళ్ళ అంకెలు. మధ్యమధ్య దొరల బంగళా గుర్తు, బావి గుర్తు, గుడి, దర్గా.

ఇలాంటి పటాలు రెండు మూడు తరాలవి దొరికితే ఒకదాని మీద ఒకటి పెట్టి చూడొచ్చు. పాతదాంట్లో తెగినగీతగా ఉన్నది తర్వాతి దాంట్లో జంటగీత అవుతుంది. ఇంకా తర్వాతి దాంట్లో ఆ జంటగీత పక్కకు జరిగి, దాని పాత చోట మళ్ళీ తెగినగీత మిగులుతుంది. 1950ల్లో అమెరికా సైన్యం పటశాఖ మన దేశానికి వేసిన రెండున్నర లక్షలకు ఒకటి స్కేలు పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ పుణ్యమా అని ఎవరికైనా దొరుకుతున్నాయి. మన సర్వే శాఖ పటాలు మాత్రం 2005లో జాతీయ పటాల విధానం వచ్చేదాకా మామూలు మనిషి చేతికి అందడమే కష్టంగా ఉండేది. 2021లో గానీ ఆ ఆంక్షలు బాగా సడలలేదు. సొంత ఊరి చెరువు ఏ గీత కింద ఉందో చూసుకోవడానికి సముద్రాలవతలి లైబ్రరీ గడప తొక్కాల్సిరావడం నిజంగా బాధపడాల్సిన విషయమే.

ఈ పటాలకు పునాది వేసిన మనిషి ఈ రోడ్డు మీదే ప్రాణం విడిచాడు. 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి, త్రిభుజం మీద త్రిభుజం పేర్చుకుంటూ ఉత్తరానికి కదిలిన విలియం లాంబ్టన్ తన సర్వే కార్యాలయాన్ని హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు మారుస్తూ ప్రయాణమయ్యాడు. 1823 జనవరి 20న వార్ధా ప్రాంతంలోని హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. భూగోళం ఆకారం కొలవడానికి బయలుదేరిన ఆయనకు అప్పటికి వయసు మీదపడింది. ఆయన సమాధి అక్కడే ఉంది. ఇవాళ ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటి, పాండర్‌కవడ మీదుగా నాగపూర్ పోయే ఎవరికైనా హింగన్‌ఘాట్ దారిలోనే తగులుతుంది.

లాంబ్టన్ పోయిన ఏడేళ్ళకు అదే బాటన ఒక తెలుగువాడు పల్లకిలో వచ్చాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. కడప, శ్రీశైలం, హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, ఆపైన కాశీ. ఆయన దినచర్య ‘కాశీయాత్రా చరిత్ర’గా ఆయన పోయాక 1838లో అచ్చయింది. దారి వెతికేవాడికి ఏ పటమూ ఇవ్వలేనిది ఆ పుస్తకం ఇస్తుంది. మజిలీకి మజిలీకి ఎంత దూరం, నేల ఇసుకదా రాతిదా, ఊళ్ళో ఏ సరుకులు దొరుకుతాయి, నీళ్ళెట్లా ఉంటాయి, దిగడానికి చోటుందా అని ఊరికి ఊరు రాసిపెట్టాడు. వానాకాలంలో ఆయన ఈ అడవి ప్రాంతం దాటాడు. నల్లరేగడి నేల, పొంగే వాగులు, బరువు మోసే బోయీలు, వీటన్నిటి మధ్య ఆయనకు దారి అంటే ఒక గీత కాదు. పొద్దుటి మజిలీకీ మాపటి మజిలీకీ మధ్య ఆ రోజు నడవగలిగిన నేల ఎక్కడుంటే అదే దారి.

మోటారు రాకముందు రోడ్లన్నీ ఇంతే. రెండు ఊళ్ళ మధ్య ఒకే దారి ఉండేదనుకోవడం మన కాలపు భ్రమ. నాలుగైదు జాడలు ఒకదాన్నొకటి అల్లుకుని, కొన్నిచోట్ల మైలు వెడల్పున, పోతుండేవి. ఎండాకాలం ఒక జాడ, వానాకాలం ఒకటి, బండికి ఒకటి, లంబాడీల ఎద్దుల మందలకు ఒకటి. ఎద్దుకు పూటపూటకీ నీళ్ళు కావాలి కాబట్టి బండ్లబాట చెరువు నుంచి చెరువుకు, బావి నుంచి బావికి వంకర్లు తిరుగుతుంది. కాస్త దూరమైతే నిటారు చడావు కూడా ఎద్దు ఎక్కేస్తుంది. మోటారుకు నీటితో అంత పనిలేదు గానీ నిటారు గుట్ట పనికిరాదు. దాని కోసం కొండను చుట్టుకుంటూ మలుపులు తవ్వాలి. నిర్మల్ దాటాక సహ్యాద్రి కొసల మీదికి ఎక్కే మహబూబ్ ఘాట్ మలుపులను చూస్తే ఈ తేడా కంటికి కడుతుంది. ఒక మలుపులో నిలబడి కిందికి చూస్తే తాను వచ్చిన దారే రెండు మూడు అంతస్తులుగా కనిపిస్తుంది. ఎద్దుల కాలంలో ఈ మెలికల అవసరం ఎవరికీ పడలేదు.

ఇక వంతెన. గోదావరిని దాటే రేవు ఏటేటా జరుగుతుంది. ఇసుక మేట ఎటు వేస్తే అటు. నిజాం కాలంలో సోన్ దగ్గర కట్టిన పాత వంతెన ఆ జరగడాన్ని ఆపేసింది. అల్లుకుపోయే జాడలన్నీ రెండు గట్ల మీద ఒకే చోటికి వచ్చి చేరక తప్పలేదు. పాత పటాల్లో ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. వంతెనకు ముందటి పటంలో ఏటి దగ్గర గీతలు విచ్చుకుంటాయి, తర్వాతి పటంలో ముడుచుకుంటాయి. ‘అసలు దారి’ అనే మాటకు ఏదైనా అర్థం ఉంటే అది ఇక్కడినుంచే. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ తెరిచిన కాలం అది. ఇవాళ్టి ఆర్టీసీకి అదే మూలం. ఆ తర్వాత 1943 డిసెంబరులో రాష్ట్రాల, సంస్థానాల చీఫ్ ఇంజనీర్లు ఈ బాట ఉత్తరపు కొసనున్న నాగపూర్‌లోనే కూర్చుని, దేశంలోని రోడ్లను జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, ఊరి రోడ్లు అని తరగతులు చేసి ఇరవై ఏళ్ళ ప్రణాళిక రాశారు. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. ఎవరెవరో ఎప్పుడెప్పుడో తొక్కిన జాడల మీద కాశీ–కన్యాకుమారి అనే ఒకే పేరు పడింది.

ఇప్పుడు రథం సంగతి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండరు నాగసేనుడనే భిక్షువును కలిసిన కథ ‘మిలిందపన్హ’లో ఉంది. రాజా, నడిచి వచ్చావా, బండెక్కి వచ్చావా అని భిక్షువు అడుగుతాడు. రథమెక్కి వచ్చానంటాడు రాజు. చక్రం రథమా? కాదు. ఇరుసా? కాదు. నొగా, కాడా, పగ్గాలా? అదీ కాదు. అన్నీ కలిపి కుప్పపోస్తే రథమా? కాదు. వీటిని పక్కనపెడితే వేరే ఎక్కడైనా రథం ఉందా? లేదు. అయితే ఏ రథం మీద వచ్చావు, అంత పెద్ద రాజువు అబద్ధమాడతావా అని నిలదీస్తాడు. ఈ భాగాలన్నిటినీ ఆధారం చేసుకుని రథమనే వ్యవహారం ఏర్పడిందని రాజే ఒప్పుకుంటాడు. నాగసేనుడనే మనిషీ అంతేనంటాడు భిక్షువు.

ఈ ప్రశ్నను ఉత్తర తెలంగాణ నేల మీద అడగడం అరువు తెచ్చుకున్న ముచ్చటేమీ కాదు. పెద్దపల్లి దగ్గర ధూళికట్టలో బౌద్ధ స్తూపం, ముచిలింద నాగు చెక్కిన ఫలకం బయటపడ్డాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు శ్రీముఖుడి నాణేలు, అంతకుముందటి గోబద, నారన వంటి రాజుల నాణేలు దొరికాయి. నాగసేనుడి పేరు ఇక్కడ ఎవరైనా విన్నారో లేదో గానీ, ఆయన మాట్లాడిన ధర్మం ఈ ఏటి గట్ల మీద వినబడింది.

సోన్ వంతెన మీద నిలబడి నాగసేనుడి ప్రశ్న వేసుకుంటే ఏమవుతుంది? తారు రోడ్డా? దాన్ని కొన్నేళ్ళకోసారి గీకి కొత్తది పోస్తారు. కింది కంకరా? వెడల్పు చేసినప్పుడు అదీ మారింది. నేలా? బైపాసుల దగ్గర నేలే వదిలేశారు. నంబరా? 2010లో పోయింది. మొదలూ తుదీనా? కాశీ ఊడిపోయి శ్రీనగర్ వచ్చి చేరింది. పటంలోని గీతా? పటానికో గీత. ఇవన్నీ వదిలేస్తే మిగిలిన రోడ్డేదీ లేదు. కాబట్టి రోడ్డు ఒట్టి పేరు మాత్రమే అని తేల్చేయొచ్చు. చాలామంది నాగసేనుణ్ణి ఇక్కడిదాకే చదివి పుస్తకం మూస్తారు.

పుస్తకం ఇంకా ఉంది. రాత్రంతా వెలిగే దీపం గురించి రాజుతో మరోచోట మాట్లాడతాడు భిక్షువు. తొలి జాము మంట, నడిజాము మంట, కడజాము మంట ఒకటేనా? కావు. అయితే వేర్వేరు దీపాలా? అదీ కాదు. ఒకదాన్ని ఆసరా చేసుకుని ఇంకొకటి వెలుగుతూ వచ్చింది. అదే అని అనలేం, వేరే అనీ అనలేం. పాత పటాలతో పనిచేసేవాడికి ఈ మాట రథం మాటకన్నా ఎక్కువ అక్కరకొస్తుంది. బండ్లబాట ఉండబట్టే కంకర రోడ్డు అటు వచ్చింది. కంకర రోడ్డు ఉండబట్టే వంతెన అక్కడ లేచింది. వంతెన ఉండబట్టే దాని పక్కనే కొత్త వంతెన వేశారు. వీరాస్వామయ్య పల్లకికీ ఇవాళ్టి కంటైనరు లారీకీ కింద ఉన్నది ఒకే నేల కాకపోవచ్చు. కానీ మొదటిది లేకపోతే రెండోది ఇటు రాదు. దారిని వెతకడమంటే ఈ కారణాల వరసను వెతకడం. ఒక గీతను పట్టుకుని ‘ఇదే అసలుది’ అని ప్రకటించడం ఆ వరసలో ఒక జామును పట్టుకుని మిగతా రాత్రిని వదిలేయడమే అవుతుంది.

గోదావరి నుంచి ఉత్తరానికి పోయిన ప్రయాణాల్లో అన్నిటికన్నా పాత జాబితా కూడా బౌద్ధుల దగ్గరే ఉంది. సుత్తనిపాతంలోని పారాయణవర్గం చెప్పేదాని ప్రకారం బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని ఉండేవాడు. ఆ చోటు ఖానాపూర్ దగ్గర గోదావరి పాయల మధ్యనున్న బాదనకుర్తి అని తెలంగాణ చరిత్రకారుల్లో బలంగా ఒక అభిప్రాయం ఉంది. బావరి తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి ప్రశ్నలతో పంపుతాడు. వాళ్ళు పోయిన ఊళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి: ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరం, వైశాలి, చివరకు మగధ. దూరాలు లేవు. పేర్ల దండే వాళ్ళ పటం. ఆశ్రమం బాదనకుర్తే అయితే వాళ్ళు ఇవాళ్టి రోడ్డులా నేరుగా ఉత్తరానికి అడవిలోకి దూరలేదు. నది గట్టున పడమరకు ప్రతిష్ఠానం, అంటే ఇవాళ్టి పైఠణ్ దాకా పోయి అక్కడ ఉత్తరానికి తిరిగారు. దక్షిణాపథపు బేరగాళ్ళ బాట అదే.

ఆ పదహారుమందిలో పింగియుడు చాలా ముసలివాడు. చూపు మందగించింది, ఒంట్లో సత్తువ లేదు. ఆయన గోదావరికి తిరిగొచ్చి బావరికి జరిగిందంతా చెబుతాడు. అంత గొప్పవాణ్ణి వదిలి ఎట్లా వచ్చావని బావరి అడిగితే, ఒక్క క్షణం కూడా దూరంగా లేనంటాడు. దేహం అక్కడికి పోలేకపోయినా మనసు రాత్రింబవళ్ళు అటే ప్రయాణిస్తోందంటాడు. దారి అంతా మనిషి లోపలికి చేరిపోయిన స్థితి అది. కాలు కదపకుండానే నడవగల రోడ్డు. తాత్వికంగా ఇంతకన్నా దూరం పోలేం అనిపిస్తుంది.

కానీ అదే గోదావరి తీరాన, బాదనకుర్తికి ఆట్టే దూరంలో లేని చోటికి, ఇప్పటికీ ఏటా వచ్చే బాటసారులు పింగియుడి మాటకు తల ఊపరు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచే మెస్రం వంశపు గోండులు పుష్యమాసంలో జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు గంగాజలం కోసం నడిచే వెళతారు. ముందు ఛకడ బండి ఊరూరా తిరిగి జాతర కబురు చెబుతుంది. సిరికొండ కుమ్మరులు పూజకు కుండలు చేసిస్తారు. తర్వాత కటోడా అనే పూజారి నీళ్ళు తెచ్చే ఇత్తడి ఝరిని తీసుకుంటాడు. తెల్లటి బట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, ఒకరి వెనక ఒకరు. పెద్దలు ఆగిన ఊళ్ళలోనే ఆగుతారు. తిరిగొచ్చేటప్పుడు ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేస్తారు, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస దిగుతారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్ళతో మహాపూజ. ఆ తర్వాత కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసే భేటింగ్. గుడిహత్నూర్ దగ్గర పెద్దరోడ్డు దిగి ఉట్నూరు, జన్నారం మీదుగా పోయే తారు రోడ్డు మీద బస్సెక్కితే ఒక్క పూటలో గోదావరి చేరొచ్చు. నీళ్ళు అవే నీళ్ళు. కానీ బస్సులో తెచ్చిన నీళ్ళు నాగోబాకు పనికిరావు.

ఇక్కడ నేల మిథ్య కాదు, పేరు మాత్రమే కాదు. అడుగు పడాల్సిన చోట అడుగు పడకపోతే పూజ పూజ కాదు. వేద కర్మకాండ గురించి మాట్లాడే జైమిని మీమాంసా సూత్రాల్లో ఒక అధ్యాయం మొత్తం క్రమం మీదే ఉంది. ఏ పని తర్వాత ఏ పని అన్నది ఆ కర్మలో భాగమే గానీ సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు కాదని దాని సారం. గోండుల నాగోబాకూ జైమినికీ చుట్టరికం లేదు. అయినా మెస్రం పెద్దలు చేస్తున్నదాన్ని అర్థం చేసుకోవడానికి నాగసేనుడి దీపంకన్నా ఈ అధ్యాయం దగ్గరగా ఉంది. వాళ్ళకు మజిలీల వరసే దారి. ఆ వరసలో ఒక ఊరు తీసేస్తే మిగిలేది ప్రయాణమే గానీ యాత్ర కాదు. వాళ్ళ దారికి సర్వే పటం అక్కర్లేదు. ఏటా నడిచే పాదాలే దాన్ని తిరగరాస్తున్నాయి. మోటారు రోడ్డు తొలి జాడ ఎక్కడుందో ఇంజనీర్ల దగ్గరే తెగని చిక్కుగా ఉంటే, అంతకన్నా పాతదైన ఈ కాలిబాట గురించి ఎవరికీ అనుమానం లేదు. ఇది ఆలోచించాల్సిన సంగతి.

కరీంనగర్ వైపు వస్తే చిక్కు ఇంకో రూపం ఎత్తుతుంది. నిజాం కాలపు పాత పటాల్లో జిల్లా పేరే ఎలగందల. మానేరు ఒడ్డున కోట కింద ఉన్న ఆ ఊరే జిల్లా కేంద్రం. 1905లో కేంద్రం కరీంనగర్‌కు మారింది. దాంతో దారుల గుత్తి కూడా మారింది. ఒకప్పుడు గీతలన్నీ వచ్చి ముడిపడిన ఎలగందల తర్వాతి పటాల్లో దారి పక్క ఊరైపోయింది. ఆ తర్వాత దిగువ మానేరు ఆనకట్ట వచ్చింది, మన కళ్ళముందే మధ్య మానేరు వచ్చింది. చింతల్‌ఠాణా, కొదురుపాక, నీలోజిపల్లి వంటి ఊళ్ళు, వాటి మధ్యనున్న బాటలతో సహా నీళ్ళ కిందికి పోయాయి. పునరావాస కాలనీలకు పాత ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. అంటే పేర్లు గట్టు మీదికి వచ్చాయి, ఆ పేర్లను కలిపిన దారులు మాత్రం రాలేదు. పక్క ఊరి చుట్టం ఇంటికి చేను గట్టు మీదినుంచి పోయే మనిషి ఇప్పుడు చుట్టూ తిరిగి ఆటో ఎక్కాలి. నేలా పేరూ రెండూ ముఖ్యమేనని ఈ కాలనీల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

మళ్ళీ నాగసేనుడి దగ్గరికి. రాజు ఒక గట్టి సందేహం లేవనెత్తుతాడు. మళ్ళీ పుట్టేవాడు పాతవాడు కానప్పుడు పాతవాడి పాపం కొత్తవాడికి ఎందుకంటుతుంది? భిక్షువు మామిడిపండ్ల దొంగను తెస్తాడు. ఒకడు పరాయివాడి తోటలో పండ్లు కోశాడు. పట్టుబడితే, నువ్వు నాటింది టెంక, నేను కోసింది పండు, రెండూ ఒకటి కావు కాబట్టి నేను దొంగను కానన్నాడు. వాడి వాదం చెల్లుతుందా? చెల్లదంటాడు రాజు. ఈ పండుకు ఆ టెంకే కారణం కాబట్టి.

ఆదిలాబాద్ రోడ్డు కథలో ఈ దొంగ ఉన్నాడు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోయి, 1940ల్లో మార్లవాయిలో గోండుల మధ్య కాపురముండి రాసిన పుస్తకాల్లో ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది. దారులు మెరుగైనకొద్దీ బయటి వ్యాపారులు, అప్పులిచ్చేవాళ్ళు, భూస్వాములు లోపలికి వచ్చారు. తరతరాలుగా దున్నుతున్నా చేతిలో పట్టా లేని గోండులు ఆ భూముల్లోనే కూలీలయ్యారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ ప్రాణాలిచ్చిన పోరాటానికి నేపథ్యం అదే. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ఉన్నా భూముల గొడవ తెగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులదాకా వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే 13 మంది చనిపోయారు. నాగోబా యాత్రికులు పూజకు ఆగే ఊరు అదే ఇంద్రవెల్లి.

కొత్త రోడ్డు కొత్తది, ఆ పాత రోడ్డుతో దీనికి సంబంధం లేదు అనడం టెంకకూ పండుకూ సంబంధం లేదనడమే. దీపం వాదాన్ని ఒప్పుకున్నవాళ్ళు దాని బాకీని కూడా ఒప్పుకోవాలి. కారణాల వరసే రోడ్డు అయితే, ఆ వరసలో ఎవరి చేను పోయింది, ఎవరి మజిలీ మూతపడింది, ఏ అడవి తెరుచుకుంది అన్నవన్నీ కూడా ఆ రోడ్డే. పాత జాడ వెతకడం సరదా వ్యాపకమే కావొచ్చు. కానీ దాన్ని నిజాయితీగా చేస్తే ఈ లెక్కలు బయటపడక తప్పదు. అందుకే ఈ పని తాత్విక ప్రశ్నగా కూడా విలువైంది.

పని చేయడానికి కావలసిన సరంజామా ఇప్పటికీ ఉంది. సర్వే పటాలకన్నా దగ్గరి సాక్ష్యం రెవెన్యూ నక్ష. తెలంగాణ ఊళ్ళల్లో నక్షబాట అన్న మాట ఇవాళ్టికీ గట్టు తగాదాల్లో వినిపిస్తుంది. నక్షలో బండ్లబాట అని ఉంటే అది ప్రభుత్వపు బాటే. దాని మీద పత్తి మొలిచినా, పక్క రైతు నాగలి ఏటా ఒక్కో సాలు లోపలికి జరిపినా, చేనుకు తొవ్వ లేక ఎవరైనా తహసీల్దారుకు అర్జీ పెట్టుకుంటే సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చి ఆ గీత మీదే నిలబడతాడు. ఎవరూ నడవని దారి దారేనా అని నాగసేనుణ్ణి అడిగితే ఏమనేవాడో గానీ, తహసీల్దారు మాత్రం దారేనంటాడు. నిర్మల్ నుంచి పెన్‌గంగ దాకా ఊరూరి నక్షలోని బండ్లబాటలను 56-ఐ షీటు మీద అతికించుకుంటూ పోతే మోటారుకు ముందటి దారుల అల్లిక చాలామటుకు బయటికి వస్తుంది. దాని మీద వీరాస్వామయ్య మజిలీలు పెట్టొచ్చు. ఆ తర్వాత ఊళ్ళోని పెద్దమనిషినీ, గోండు గూడెంలో పటేల్‌నూ కూర్చోబెట్టుకుని, ఈ బాట పక్క చేను ముందు ఎవరిదని అడగాలి. గీతల దగ్గరే ఆగిపోకుండా ఆ ప్రశ్నదాకా పోయే కుర్రవాళ్ళు ఆదిలాబాద్, నిర్మల్, కరీంనగర్ కాలేజీల చరిత్ర శాఖల్లో ఉన్నారు. వాళ్ళకు షీట్లు, నక్షలు, కొంత బస్సుఖర్చు సమకూర్చడం పెద్ద పనేమీ కాదు.